నర్సమ్మ చీటీలో నాలుగో వరుస

ఆ చీటీని తప్పు చదివింది తనేనన్న మాట వరహాలు చాన్నాళ్లు పైకి అనలేదు. మనసులో వెయ్యిసార్లు అనుకుంది. పకోడీల పొట్లం విప్పి, ఆ కాగితం మీద ఒకసారి రాసింది కూడా. రాసి, చింపి, పొయ్యిలో వేసింది. నోటితో మాత్రం గోడకైనా చెప్పలేదు.

ఆ చీటీ కథ ఇది. వినండి.

అనగనగా అంటే మరీ అంత దూరం కాదు. రాజ్యాలు పోయి రాజావారనే పిలుపొక్కటే మిగిలిన కాలం. ఊరూరా ఫోన్లు వచ్చేసినా కోళ్లింకా మాట్లాడడం మానని కాలం. ఆ కాలంలో సముద్రానికి రెండు కోసుల దూరాన పూసలపేట అనే ఊరుండేది. ఆ ఊళ్లో ఒక రాజావారుండేవారు. ఆయనకు కోట లేదు, గుర్రం లేదు, సైన్యం అసలే లేదు. ఒక తోట ఉంది.

తోటంటే ఆయనకు ప్రాణం. కలుపంటే పగ. తాను నాటమంటే నాటింది మొక్క, దానంతట అది మొలిచింది కలుపు. ఆయన లెక్క అంతే. పొద్దున్నే చేతికర్ర పట్టుకుని బయల్దేరేవారు. పాదుల మధ్య పచ్చగా ఏదైనా తల ఎత్తితే చాలు, కర్రతో దాన్ని పొడిచి, "ఎవర్రా నిన్ను పిలిచింది?" అని గద్దించేవారు. అది బదులు చెప్పేది కాదు. మళ్లీ వారం మళ్లీ మొలిచేది.

ఆ తోటను ముప్పయ్యేళ్లుగా చూసుకుంటున్నది నర్సమ్మ. తోటపని ఆమెదే, రాజావారి మధ్యాహ్నం పప్పూ ఆమెదే. నూతి పక్కన ఒంటిగది ఆమె ఇల్లు. మోకాళ్లు అరిగిపోయాయి గానీ మాట అరగలేదు. పని చేస్తూ తనతో తనే మాట్లాడుకునేది. "ఊఁ, నర్సమ్మా, తొట్టి నింపు. ఊఁ, నర్సమ్మా, తలుపెయ్యి." అదొక అలవాటు.

ఆమెకు చేదోడుగా వచ్చిన పిల్లే వరహాలు. వచ్చి నెలైంది. అమ్మా నాన్నా లేరు. నర్సమ్మను పెద్దమ్మా అని పిలిచేది. బడి గడప తొక్కలేదు గానీ పిల్ల ఊరుకునే రకం కాదు. సంతలో పొట్లాలు కట్టిన కాగితాలు పోగుచేసి, సబ్బు పెట్టెల మీద పేర్లు చూసి, బస్సుల మీద ఊళ్ల పేర్లు చూసి, అడిగినవాళ్లను అడగనివాళ్లను విసిగించి, తనంతట తనే చదవడం నేర్చేసుకుంది. ఆ సంగతి పదిమందికీ తెలియాలని దాని ఆరాటం. ఉప్పు పొట్లం చేతికిచ్చినా ముందు పొట్లం చదివేది, తర్వాతే ఉప్పు తీసేది.

"ఏటే గుంటా, కూడు తినడం మానేసి కాగితాలు తింటన్నావేటి?" అనేది నర్సమ్మ. అని, నవ్వి, తన గది గోడ మీద కూతురి ఫోన్ నంబరు దానిచేతే బొగ్గుతో రాయించుకుంది. పది అంకెలూ రాశాక వెనక్కి జరిగి, చదవడం రాని కళ్లతో ఆ గోడను చాలాసేపు చూసింది. "ముత్యాల్లాగున్నాయి" అంది.

ఇంకొకరున్నారు. చుక్కి. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలున్న కోడిపెట్ట. దానికి తెలియని విషయం ఆ తోటలో లేదు. అడక్కుండా చెప్పే అలవాటూ లేదు.

ఒకనాడు నర్సమ్మ మోకాళ్లు మరీ మొండికేశాయి. వైద్యానికి పట్నంలో కూతురింటికి మూడు నెలలు వెళ్లక తప్పలేదు. హడావుడిగా బస్సెక్కబోతూ ఆగింది. పిల్లకు చెప్పాల్సినవి మూడు మిగిలిపోయాయి. బస్టాండు దగ్గర కొట్టు సీతయ్యను చీటీ రాసి పెట్టమంది. సీతయ్య సబ్బు పెట్టె అట్ట చింపి, పెన్సిలు తీశాడు. నర్సమ్మ గుక్క తిప్పుకోకుండా చాలానే చెప్పింది. అట్ట చిన్నది. బస్సు హారన్ కొడుతోంది. సీతయ్య మాటల తలలు వదిలేసి తోకలు రాసుకున్నాడు.

చీటీ వరహాలు చేతికొచ్చింది. తన పేరున వచ్చిన మొట్టమొదటి రాత. చెయ్యి తుడుచుకుని మరీ అందుకుంది. మూడే వరుసలు.

గంగపావిలి కలుపు.
గరిక కలుపు.
తుమ్మి కలుపు.

"ఓస్, ఇంతేనా!" అనుకుంది వరహాలు. గంగపావిలి, ఆ నేలంతా పాకే పుల్లటి ఆకు, అది కలుపు. గట్ల మీద గరిక, అదీ కలుపు. గుమ్మడి పాదుల్లో తెల్ల పూల తుమ్మి, అది కూడా కలుపే. రాజావారికి కిట్టనివన్నీ వరసగా రాయించింది పెద్దమ్మ. పీకిపారెయ్యమనే కదా!

నడుం బిగించింది. మొదటి రోజు గంగపావిలి పీకింది. రెండో రోజు గట్ల మీది గరికను వేళ్లతో సహా పెకలించింది. మూడో రోజు తుమ్మి మొక్క ఒక్కటి మిగలకుండా తీసేసింది. అంతా మోసుకెళ్లి కంచె అవతల కుప్ప పోసింది.

చుక్కి కంచె మీద కూర్చుని చూస్తూనే ఉంది. "బాగానే ఉంది నీ పని," అంది, అదోలా.

"బాగుందనేనా, బాలేదనా?"

"నేననేదేముంది? చదువుకున్నదానివి."

నాలుగో రోజు రాజావారొచ్చారు. కర్ర పెట్టి పొడవడానికి ఒక్క ఆకు దొరకలేదు. ఆయన మీసం కింద నవ్వు పూసింది. "అద్దంలా చేశావే! ముప్పయ్యేళ్లలో నా తోటను ఇలా చూడలేదు."

వరహాలుకు ఆ పూట ఆకలి వెయ్యలేదు.

కానీ మర్నాడు పప్పు కలుపుకున్న రాజావారు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. మళ్లీ ఉప్పు వేయించుకున్నారు, మళ్లీ పోపు పెట్టించుకున్నారు. "పప్పులో ఏదో పోయింది. ఏం పోయిందో చెప్పలేను. పోయిందంతే" అని విస్తరి ముందు నుంచి లేచిపోయారు. వారం తిరిగేసరికి మనిషి చిక్కి, చొక్కా వదులైపోయింది.

ఆపైన తొలకరి పడింది. ఎన్ని వానలకూ చెక్కుచెదరని కాలవగట్టు, ఆ ఒక్క వానకు చెరుకు గడ విరిగినట్టు పుటుక్కున తెగింది. నారుమడి నిండా బురద. వరహాలు ఎత్తిపోసిన మట్టి ఎత్తిపోసినట్టే జారిపోయింది.

ఇక గుమ్మడి సంగతి. పూలు మాత్రం బంగారు పళ్లేల్లా విచ్చుకున్నాయి. పాదుకు పది పిందెలు. పిందె పిందే పండుబారి రాలిపోయింది. తోటలో ఏదో వెలితిగా ఉంది. అదేమిటో వరహాలుకు రెండు రోజుల దాకా అందలేదు. చెవి ఒగ్గి వింటే అందింది. తేనెటీగల రొద లేదు.

రాజావారు తోటంతా తిరిగి వచ్చి అరుగు మీద కూలబడ్డారు. కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. "ముప్పయ్యేళ్ల తోట," అన్నారు. "నెలలో ఇలా అయ్యింది. ఏం చేశావే?"

వరహాలు చీటీ తీసి చూపించింది. "పెద్దమ్మ రాయించినట్టే చేశానండి. నా సొంతంగా ఏమీ చెయ్యలేదు."

ఆ మాట అన్నప్పుడు అది నిజమేననుకుంది.

రాజావారు చీటీ చదివారు. కలుపు అంటే పగ ఉన్న మనిషి కదా, ఆయన కళ్లకూ ఆ మాట ఒక్కలాగే కనబడింది. "గట్టు మీద గరిక పీకించిందా? అంత తెలిసిన మనిషి! వయసు మీద పడింది, పాపం. మతి తప్పుతోంది." కాసేపు చీటీని అటూ ఇటూ తిప్పారు. "ఫోన్ చేసి చెబుతాను. ఇక ఇక్కడికి రానక్కర్లేదు, విశ్రాంతి తీసుకోమని."

చెప్పేశారు కూడా.

మర్నాటి మధ్యాహ్నం వరహాలు పొయ్యి ముందు కూర్చుంది. పప్పు ఉడుకుతోంది. చీటీ ఒళ్లో ఉంది. చుక్కి గడప దాటి లోపలికొచ్చి, గచ్చు మీద గింజ ఉందేమోనని పొడిచి చూసింది.

"ఆ అట్ట మీద ఏటుందే? నాకు చదువు రాదు. పైకి చదువు," అంది.

వరహాలు అక్షరాల మీద వేలు పెట్టుకుని, మాట మాటకీ ఆగి చదివింది. "గంగపావిలి. కలుపు. గరిక. కలుపు. తుమ్మి. కలుపు."

"అలా ముక్కలు ముక్కలుగా కాదే. నర్సమ్మ అన్నట్టు అను."

"నర్సమ్మ పెద్దమ్మ ఎలా అంటుంది?"

"రోజూ ఈ పొయ్యి దగ్గరే కదా అనుకునేది! పప్పు దించే ముందు. 'ఊఁ, నర్సమ్మా, గంగపావిలి కలుపు.' గట్టుకు మట్టి మెత్తేటప్పుడేమో, 'ఊఁ, నర్సమ్మా, గరిక కలుపు.' గుమ్మడి గింజలు పెట్టే రోజు పిడికెడు తుమ్మి గింజలు తెచ్చుకుని, 'ఊఁ, నర్సమ్మా, తుమ్మి కలుపు. ఈగలు రావాల.' ఏటలా చూస్తావు? ముసిల్దాని గొంతు సరిగా రాలేదా నాకు?"

వరహాలు పొయ్యి మీది పప్పు కేసి చూసింది.

కలుపు. తీసెయ్యమని కాదు. కలపమని.

అక్షరం మారలేదు. గుణింతం మారలేదు. సీతయ్య తప్పు రాయలేదు. అన్ని కాగితాలు చదివిన పిల్ల, తనకంటూ వచ్చిన ఒక్క చీటీలో ఒక్క మాటను తలకిందులు చేసి చదివింది.

"ముందే ఎందుకు చెప్పలేదే, దిక్కుమాలిన కోడీ!"

"నువ్వడిగావేటి? చదువు వచ్చినోళ్లకి చదువు రానోళ్లం చెప్పకూడదేమోననుకున్నాను," అంది చుక్కి. తోక ఊపుకుంటూ బయటికి పోయింది.

వరహాలు లేచి సరాసరి అరుగు దగ్గరికి వెళ్లింది, చెప్పేద్దామని. చుట్టాలెవరో వచ్చి ఉన్నారు. వెనక్కొచ్చింది. మర్నాడు మళ్లీ వెళ్లింది. "చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లవి. నీ తప్పేం లేదమ్మా" అని ఆయనే ముందు అనేశారు. తలూపి వెనక్కొచ్చింది. మూడోనాడు అరుగు మీద ఎవరూ లేరు. రాజావారొక్కరే ఉన్నారు. ఏ అడ్డూ లేదు. నోరే రాలేదు. "నూతికి కొత్త చేద కావాలండి" అని చెప్పి వచ్చేసింది.

ఇక కంచె అవతల సంగతి చూడండి.

తాను పీకి పారేసిన కుప్ప ఎండి చెత్త అయిపోయి ఉంటుందనుకుంది వరహాలు. వాన వెలిశాక వెళ్లి చూస్తే కుప్ప నవనవలాడుతోంది. గంగపావిలి కాడలు ఎక్కడ పడితే అక్కడే వేళ్లు దించుకుని, ఎర్రటి కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. గరిక పాకుతోంది. తుమ్మి విత్తనాలు రాలి, చిన్న చిన్న మొలకలై నిలబడ్డాయి. ఒక్కటీ అలగలేదు. ఒక్కటీ ఎందుకు పారేశావని అడగలేదు.

వరహాలు గంపెడు తెచ్చింది. దించబోయే పప్పులో గంగపావిలి కలిపింది. రాజావారు మొదటి ముద్దకు కళ్లు మూసుకున్నారు. రెండో ముద్ద మెల్లగా నమిలారు. మూడోసారి వడ్డించమని విస్తరి ముందుకు జరిపారు.

తెగిన గట్టుకు మట్టి మెత్తుతూ గరిక వేళ్లు కలిపింది. పెద్ద వాన వచ్చింది, పోయింది. గట్టు ఉంది.

గుమ్మడి పాదుల్లో తుమ్మి మొలకలు కలిపి నాటింది. తెల్ల పూలు విచ్చుకున్న మూడో రోజున ఒక ఈగ వచ్చింది. దాని వెనక దాని బలగమంతా వచ్చింది. పిందెలు నిలిచాయి. నిలిచి, బొద్దుగా ఊరాయి.

కర్ర పట్టుకుని వచ్చిన రాజావారు తుమ్మి పూల ముందు ఆగారు. "వరహాలూ! ఇది కలుపు కాదూ?"

"కలుపేనండి. కలిపాను."

రాజావారు ఈగల రొద విన్నారు. గుమ్మడికాయను కర్రతో కాదు, చేత్తో తట్టి చూశారు. "ఉండనీలే. తెల్లగా బాగానే ఉంది," అని వెళ్లిపోయారు.

అవి మంచి రోజులు. పొద్దున పూట నీరెండలో తోటంతా పచ్చి వాసన. అందులో నడుస్తుంటే వరహాలుకు కడుపు నిండినట్టుండేది. అయినా నూతి పక్కన తాళం వేసి ఉన్న ఒంటిగది ముందుకు వచ్చేసరికి కాళ్లు దారి మార్చుకునేవి.

నర్సమ్మ వెళ్లిన మూడు నెలలూ నిండాయి. ఆ రోజు రాజావారు వరహాలును పిలిచి, ఇత్తడి తాళంచెవి చేతిలో పెట్టారు.

"ఇకనుంచి తోట నీదే. శుక్రవారానికల్లా నర్సమ్మ గది ఖాళీ చేయించి నువ్వుండు. ఆమె సామాను బస్సులో పంపించెయ్యి." చెప్పి, అరుగు స్తంభానికి ఆనుకున్నారు. ఆయన గొంతు తగ్గింది. "ముప్పయ్యేళ్లు. ఏ రోజూ ఎదురు చెప్పి ఎరగదు. అప్పుడు ఫోన్‌లో ఆ చీటీ చదివి వినిపించి, ఇవన్నీ ఎందుకు పీకించావమ్మా అన్నాను. ఏమందో తెలుసా?"

"ఏమందండి?"

"'చీటీ ఆ పిల్లే చదివిందా బాబూ?' అంది. అవునన్నాను. 'అయితే తప్పు నాదే బాబూ. మతి సరిగా ఉండటం లేదు. పిల్లనేటీ అనకండి, బాగా చదువుతాది' అంది." రాజావారు కండువాతో మొహం తుడుచుకున్నారు. "తప్పు ఒప్పుకున్న మనిషిని రావద్దన్నాను. అప్పటినుంచీ నాకే ఏదోలా ఉంది."

వరహాలు తాళంచెవి పిడికిట్లో బిగించి అక్కడే నిలబడింది. కళ్లకు రాజావారు మసగ్గా కనబడ్డారు.

పెద్దమ్మకు తెలుసు. చీటీ వినగానే తెలిసిపోయింది. ఒక్క మాట చాలు, నేనన్నది అది కాదు బాబూ అంటే చాలు, తన గది తనకు దక్కేది. ఆ ఒక్క మాట అనలేదు. ముప్పయ్యేళ్ల పేరును నెల రోజుల పరిచయమున్న పిల్ల నెత్తి మీద గొడుగులా పట్టింది.

వరహాలు పరుగెత్తుకుంటూ వెళ్లి గది తలుపు తీసింది. లోపల పచ్చిమట్టి వాసన. దండెం మీద ఉతికిన చీర. మేకుకు కొడవలి. గోడ మీద పది అంకెలు, బొగ్గుతో తను రాసినవే. వాటి చుట్టూ సున్నం వేసినా, వాటి మీద మాత్రం బ్రష్షు తగలనివ్వలేదు నర్సమ్మ.

చుక్కి వెనకే వచ్చి గడప మీద నిలబడింది.

వరహాలు కొంగు ముడి విప్పి చీటీ తీసింది. మూడు వరుసల కింద అట్ట మీద కాస్త చోటుంది, వేలెడు. గూట్లో పడున్న బొగ్గుముక్క తీసుకుని, మెల్లగా, వంకర పోకుండా నాలుగో వరుస రాసింది.

"ఏటి రాశావే?" అంది చుక్కి. "పైకి చదువు."

వరహాలు చదివింది. మాటల మధ్య ఆగకుండా, నర్సమ్మ తనతో తను అనుకున్నట్టే.

"ఊఁ, వరహాలూ, పెద్దమ్మకు ఫోన్ కలుపు."

ఏం చెప్పాలో కూడా తెలిసిపోయింది. ముందు పెద్దమ్మకు, ఆ వెంటనే రాజావారికి. చీటీ తప్పు చదివింది నేనే, తెలిశాక దాచింది కూడా నేనే. గది అలాగే ఉంది, నీ చీర దండెం మీదే ఉంది, నీ కొడవలికి పదును పట్టించి ఉంచుతాను, రేపటి బస్సుకే వచ్చెయ్. తోట పోతే పోనీ. కాదు, పోదు. పెద్దమ్మ వస్తే ఏదీ పోదు.

చేతులు కడుక్కుంది. తన చిన్న ఫోన్ తీసుకుంది. గోడ మీది మొదటి అంకె మీద వేలు పెట్టింది.

పిల్లలూ, పిలవకుండా మొలిచిన మొక్కనైనా, చేతులారా చేసిన తప్పునైనా కంచె అవతల పారేసి దాచుకుంటే మిగిలేది తెగిన గట్టే. తెచ్చి కలుపుకున్నవాళ్ల తోటే మళ్లీ పచ్చబడుతుంది.